మీ వెబ్‌సైట్‌లో ‘వద్దు’ అనే బటన్ ఏదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో, వెబ్‌సైట్లు మన బ్రౌజర్‌లో దాచిపెట్టుకునే కుకీల గురించి రాశారు. ఏ వెబ్‌సైట్ పడితే ఆ వెబ్‌సైట్‌లో ‘యాక్సెప్ట్’ నొక్కొద్దనీ, వారానికోసారి కుకీలన్నీ తుడిచేసుకోవాలనీ పాఠకులకు సలహా ఇచ్చారు. బాగానే ఉంది. పూర్తి వ్యాసం మా వెబ్‌సైట్‌లో చదవండి అని కింద క్యూఆర్ కోడ్ వేశారు కదా, అది స్కాన్ చేస్తే ఏం వస్తోందో మీ ఆఫీసులో ఎవరైనా చూశారా? సగం స్క్రీన్ మింగేసే నల్ల పట్టీ ఒకటి వస్తోంది. అందులో కళ్ళజోడు పెట్టుకున్నా కనబడని ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ‘ఐ యాక్సెప్ట్’ అని ఒకే ఒక్క ఎర్ర బటన్. వద్దనడానికి దారే లేదు. పోనీ ఆ పట్టీని అలాగే ఉంచి చదువుకుందామంటే వ్యాసం ఆఖరి పేరాలు దాని వెనకాల ఇరుక్కుపోయాయి. అంటే యాక్సెప్ట్ నొక్కొద్దని మీరు చెప్పిన మాట చదవాలంటే ముందు యాక్సెప్ట్ నొక్కాలన్నమాట.

ఎగతాళికి రాయడం లేదండీ. నేను నరసరావుపేటలో నెట్ సెంటర్ నడుపుతాను. జిరాక్స్, పాన్ కార్డు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, ఈఏపీసెట్ కౌన్సెలింగ్, రైలు టికెట్లు, ఏదొస్తే అది చేస్తాం. పొద్దున్నించి రాత్రిదాకా జనం ఈ పట్టీల ముందు ఏం చేస్తారో నా కళ్ళెదుటే జరుగుతుంది. ఎవరూ చదవరు. ‘అదేదో అడ్డమొచ్చింది అన్నా, తీసెయ్’ అంటారు. తీసెయ్యడం అంటే ఒప్పుకోవడం అని వాళ్ళకు తెలీదు, తెలిసినా చేసేదేమీ లేదు, ఎందుకంటే అక్కడున్నది ఒక్కటే బటన్. దాన్ని ‘వినియోగదారుడి అనుమతి’ అని ఎక్కడో లెక్కలో రాసుకుంటారు చూడండి, నాకు మంట అక్కడే.

కుకీ అంటే భయపడాల్సిన వస్తువేం కాదు, ఆ మాట మీ వ్యాసంలో ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. చాలామంది అది వైరస్ అనుకుంటున్నారు. అది మన ఫోన్‌లో ఫొటోలు చూడదు, ఓటీపీలు ఎత్తుకుపోదు. వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచిపెట్టుకునే చిన్న రాత అది, ఎంత పెద్దదైనా 4 కిలోబైట్లు ఉంటుంది. ఒక పేరు, ఒక అంకెల వరస, ఏ సైట్‌ది, ఎప్పటిదాకా ఉండాలి, అంతే. 1994లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే కుర్ర ఇంజినీరు దీన్ని తయారుచేశాడు. వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు, ఒక పేజీ ఇచ్చేశాక ఎవరికిచ్చానో దానికి గుర్తుండదు, ఆన్‌లైన్‌లో ఒక సరుకు బుట్టలో వేసి పక్క పేజీకి వెళ్తే బుట్ట ఖాళీ అయిపోయేది, ఆ బాధ తప్పించడానికి పుట్టిందే కుకీ. ఇవాళ మనం బస్సు టికెట్ బుక్ చేస్తూ సీటు ఎంచుకుని డబ్బు కట్టే పేజీకి వెళ్ళినా మనం మనమేనని ఆ సైట్‌కి తెలిసేది దీనివల్లే. ఇలాంటి వాటికి అనుమతి అడగక్కర్లేదు. ఈ విషయంలో ఎంతో కచ్చితంగా ఉండే యూరప్ చట్టం కూడా వీటిని వదిలేసింది.

తకరారంతా రెండో రకంతో. మా వీధి కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకంలో నా పేరు రాసుకుంటాడు, అది నాకూ ఆయనకూ మధ్య లెక్క, నాకు అభ్యంతరం లేదు. అదే బజారులో ప్రతి కొట్లోనూ ఒక మూల ఒకే కంపెనీ మనిషి స్టూలేసుకుని కూర్చుని, నేను మందుల షాపులో ఏం అడిగానో, బంగారం కొట్లో ఏం తాకట్టు పెట్టానో, పుస్తకాల షాపులో ఏ పుస్తకం తిరగేసి పెట్టేశానో రాసుకుంటూ పోతే ఎవడైనా ఊరుకుంటాడా? థర్డ్ పార్టీ కుకీ చేసేది అదే పని. మీ పేజీలో ప్రకటనల కంపెనీవాళ్ళ కోడ్ ముక్క ఉంటుంది. పాఠకుడు పేజీ తెరవగానే అతని బ్రౌజర్ మీ సర్వర్‌తోపాటు ఆ కంపెనీ సర్వర్‌తోనూ మాట్లాడుతుంది, ఇదివరకు వాళ్ళిచ్చిన నంబరు వాళ్ళకే చూపిస్తుంది. అదే కోడ్ వంట వీడియోల సైట్లో ఉంటుంది, ఉద్యోగాల సైట్లో ఉంటుంది, జ్వరానికి ఏం మందు వాడాలో చెప్పే సైట్లో ఉంటుంది. నంబరు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట చేరతాయి. ఆపైన పేజీలో ఖాళీగా ఉన్న ప్రకటన చోటుకి రెప్పపాటులో వేలంపాట జరుగుతుంది. పాడే కంపెనీలన్నిటికీ ఈ వచ్చిన మనిషి ఎలాంటివాడో ముందే కాస్త చెబుతారు. పాట గెలిచేది ఒక్కడే, మన సంగతి తెలుసుకునేది మాత్రం పాడినవాళ్ళందరూ.

కుకీలో పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది అని కంపెనీలు అంటాయి. నిజమే. ఎక్కడో ఒకచోట ఫోన్ నంబరో మెయిలో ఇచ్చి లాగిన్ అయ్యేదాకా నిజమే. ఆ తర్వాత ఆ అంకెకి మనిషి దొరికిపోతాడు.

మా నెట్ సెంటర్‌లో దీని ఇంకో ముఖం కనబడుతుంది. కుకీకి తెలిసింది బ్రౌజర్ ఒక్కటే, దాని ముందు కూర్చున్న మనిషి మారాడని దానికి తెలీదు. ఒకరోజు మధ్యాహ్నం కస్టమర్లు పల్చబడ్డాక ఒక పెద్దాయన వచ్చారు. విడాకులైన కూతురికి రెండో సంబంధం చూడాలి, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. పెళ్లిసంబంధాల సైట్లు రెండు మూడు తెరిచి వివరాలు చూసుకుని, ప్రింట్లు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి అదే సిస్టంలో ఆయన వీధిలోనే ఉండే కుర్రాడు కూర్చున్నాడు. క్రికెట్ స్కోరు తెరిస్తే పక్కన రెండో పెళ్లి సంబంధాల ప్రకటన, వార్తలు తెరిస్తే అదే ప్రకటన, పేజీ మధ్యలో పైకి తేలే వీడియోలో కూడా అదే. ‘అన్నా, ఇందాక ఇక్కడ కూర్చుంది ఎవరు?’ అని నవ్వుతూ అడిగాడు. నేను చెప్పలేదు, వాడూ మళ్ళీ అడగలేదు. కానీ వాడు వస్తుంటే పెద్దాయన గుమ్మంలో ఎదురుపడి ఉంటే చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయేది. ఆ వారమే అన్ని సిస్టంలలోనూ బ్రౌజర్ మూసెయ్యగానే కుకీలన్నీ పోయేలా పెట్టాను. రోజూ వచ్చే కుర్రాళ్ళు మాటిమాటికీ లాగిన్ అవ్వాల్సి వస్తోందని విసుక్కుంటారు, విసుక్కోనీ.

నెట్ సెంటర్లకు ఎవరొస్తున్నారిప్పుడు అనొచ్చు. మన ఇళ్ళలో ఫోన్లు మాత్రం అంతకంటే భిన్నంగా ఉన్నాయా? అమ్మ ఫోనే పిల్లాడి ఫోను, రాత్రికి అదే నాయనమ్మ సీరియల్ చూసే ఫోను. పగలు అమ్మ తన ఒంట్లో బాగోని విషయం ఏదో చూసుకుంటే సాయంత్రం పదో తరగతి పిల్లాడి లెక్కల వీడియో పక్కన దాని మందు ప్రకటన తేలుతుంది. ‘ఫోను మన మాటలు వింటోంది’ అని జనం అనుకునేది ఇందుకే, నిజానికి వినాల్సిన అవసరమే లేదు దానికి.

సరే, మీ వెబ్‌సైట్ సంగతికి వస్తాను. కంప్యూటర్లో మీ వ్యాసం తెరిచి, ఆ పట్టీ మీద ఏమీ నొక్కకుండా, కీబోర్డులో ఎఫ్12 నొక్కి అప్లికేషన్ అనే చోట కుకీస్ తెరిచాను. మీ ఐటీ వాళ్ళతో కూర్చుని మీరూ ఒకసారి చూడండి. నేనింకా ఒప్పుకోలేదు, కానీ జాబితా ఒక స్క్రీన్‌లో పట్టలేదు. అందులో మీ పేరుతో ఉన్నవి కొన్నే. గూగుల్ అనలిటిక్స్ వాళ్ళది ఒకటి, మామూలుగా దానికి రెండేళ్ళు ఆయుష్షు రాస్తారు, క్రోమ్ 400 రోజులకు మించి ఏ కుకీనీ ఉంచదు కాబట్టి అక్కడికి తగ్గింది. ఫేస్‌బుక్ వాళ్ళది ఒకటి, మూడు నెలలది. మిగతావన్నీ పేర్లు నోరు తిరగని ప్రకటన కంపెనీలవి, ఆ పేర్లు మీకైనా తెలుసునని నేననుకోను. అంటే పట్టీ మీద అనుమతి అడుగుతున్నారు గానీ జవాబు వచ్చేదాకా ఆగడం లేదు. ఆ ఎర్ర బటన్ నొక్కినా నొక్కకపోయినా తేడా ఏమీ లేదు. ఉత్త మొక్కుబడి.

ఇది మీ ఒక్కరి సైట్లోనే కాదు. తెలుగు వార్తల సైట్లలో సగానికి సగం నేను ఇలాగే తెరిచి చూశాను, కొన్నిచోట్ల ఆ పట్టీ కూడా లేదు. వాళ్ళ కంటే మీరు నయమే అనుకోవచ్చు. కానీ కింద చెప్పబోయే సంగతి తెలిశాక నాకు అలా అనిపించడం లేదు.

మా అక్క కొడుకు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడికి పొద్దున్నే కాఫీతోపాటు మీ పత్రిక ఉండాలి, జిల్లా ఎడిషన్ కూడా వదలడు. వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఈ గోల చెప్పి, నువ్వూ ఆ పేజీ తెరవరా అన్నాను. స్క్రీన్ షేర్ చేశాడు. అదే వ్యాసం, అవే ఫొటోలు. కానీ వాడికి వచ్చింది నల్ల పట్టీ కాదు. పేజీ మధ్యలో తీరుబాటుగా ఒక పెట్టె వచ్చింది. మీ సమాచారాన్ని ఏయే పనులకు వాడతామో, ఏయే కంపెనీలకు ఇస్తామో చూడండి అని ఉంది. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, నేను చూసుకుని చెబుతాను, మూడు బటన్లు, మూడూ ఒకే సైజు. వాడు ఒప్పుకోను అని నొక్కాడు, పెట్టె మూసుకుంది, వ్యాసం మొత్తం చదువుకున్నాడు. ‘ఏంటి మావయ్యా, మీకు ఇది రాదా?’ అని వాడే ఆశ్చర్యపోయాడు.

రాదు. ఎందుకు రాదో చెబుతాను. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది, దానికి ముందునుంచే కుకీలకు వేరే నిబంధన ఉంది. ముందే టిక్ పెట్టేసిన గడిని అనుమతిగా లెక్కపెట్టడానికి వీల్లేదని 2019 అక్టోబరులో యూరప్ న్యాయస్థానం ఒక జర్మన్ లాటరీ సైట్ కేసులో తేల్చేసింది. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కూ కాదనడానికి బోలెడు క్లిక్కులూ పెట్టారని 2022 జనవరిలో ఫ్రాన్స్ వాళ్ళు గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేశారు. 2025 సెప్టెంబరులో మళ్ళీ గూగుల్‌కి 32.5 కోట్లు, బట్టలమ్మే షీయిన్ కంపెనీకి 15 కోట్లు. ఇలా గట్టిగా తగిలాక గూగుల్ కూడా దారికొచ్చింది. తన ప్రకటనలు వేసుకునే ఏ వెబ్‌సైట్ అయినా సరే, యూరప్ నుంచీ బ్రిటన్ నుంచీ వచ్చే పాఠకులకు తాను ధ్రువీకరించిన అనుమతి పెట్టెనే చూపించాలని 2024 జనవరి 16 నుంచి షరతు పెట్టింది. చూపించకపోతే అక్కడ ఆ ప్రకటనల డబ్బు తగ్గుతుంది. అందుకని మీరు ఆ పెట్టె కొన్నారు, పెట్టారు, చక్కగా పనిచేస్తోంది. మ్యూనిక్‌లో కూర్చున్నవాడికి.

కాబట్టి మీకు తెలీదనో, ఖర్చనో, టెక్నికల్‌గా కష్టమనో చెప్పడానికి లేదు. మీ దగ్గర ఆ పెట్టె ఉంది. పాఠకుడు ఎక్కడినుంచి వచ్చాడో చూసి, ఇండియా అయితే చూపించొద్దు అని ఎవరో ఒక సెట్టింగ్ పెట్టారు. పాతికేళ్ళుగా చందా కట్టి పేపరు వేయించుకుంటున్న నరసరావుపేటవాడిని అడగక్కర్లేదు, ఊరొదిలి వెళ్ళినవాడిని అడగాలి! అడిగేది కూడా మన మీద గౌరవంతో కాదు, అక్కడి జరిమానాకు భయపడి.

ఇక్కడ చట్టం లేదా అంటే ఉంది, సగం నిద్రలో ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్ళు నాన్చి 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం తెచ్చారు. దానికి రూల్స్ రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది, అందులో అసలైన బాధ్యతలకు ఇంకో 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా ఎవరినీ ఏమీ అనరు. జరిమానా వేస్తే ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే వెళ్తుంది, నష్టపోయినవాడికి పైసా రాదు. పైగా పసలేని ఫిర్యాదు చేశావని తేలితే ఫిర్యాదు చేసినవాడికే పదివేలదాకా పడొచ్చు.

అయినా అందులో మనకు పనికొచ్చే మాటలున్నాయి. కుకీ అనే మాట చట్టంలో కనబడదు గానీ, మనిషిని గుర్తుపట్టగలిగే ఏ సమాచారమైనా దాని కిందికే వస్తుంది. అనుమతి స్వేచ్ఛగా ఇచ్చింది అయ్యుండాలి, ఫలానా పనికి అని స్పష్టంగా ఉండాలి, షరతు పెట్టి లాక్కోకూడదు. ఇచ్చినంత తేలిగ్గానే వెనక్కి తీసుకునే వీలుండాలి. అన్నిటికంటే నాకు నచ్చింది, అడిగే మాటలు తేలిక భాషలో ఉండాలి, ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో తనకు నచ్చినదాంట్లో గానీ చదువుకునే అవకాశం మనిషికి ఇవ్వాలి. తెలుగు అందులో ఉంది. రోజుకిన్ని పేజీలు తెలుగులో అచ్చేసే మీకు నాలుగు వాక్యాలు తెలుగులో రాసి ఆ పట్టీలో పెట్టడానికి 2027 దాకా ఆగాల్సిన పనేముంది?

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. ఈ చట్టంలో పద్దెనిమిది నిండనివాళ్ళంతా పిల్లలే. వాళ్ళ కదలికలు గమనించడం, వాళ్ళ ప్రవర్తనను బట్టి ప్రకటనలు గురిపెట్టడం కూడదని 9వ సెక్షన్ చెబుతోంది, తప్పితే 200 కోట్లదాకా జరిమానా. ఇక ఇంటర్ రిజల్ట్స్ రోజు గుర్తుచేసుకోండి. ఇప్పుడు ప్రభుత్వం వారి ‘మన మిత్ర’ వాట్సాప్‌లో కూడా మార్కులొస్తున్నాయి, నిజమే, అయినా ఆ రోజు మా షాపు ముందు చెప్పులు విడవడానికి చోటుండదు. బోర్డు సైట్ మొరాయిస్తే అందరూ పోయేది పత్రికల సైట్లకీ ప్రైవేటు రిజల్ట్స్ సైట్లకీ. ఆ పేజీలకు వచ్చేవాళ్ళు పదహారు పదిహేడేళ్ళ పిల్లలని ఆ పేజీ పెట్టినవాళ్ళకు తెలీదా? తెలుసు, అందుకే ఆ ఒక్క రోజూ కాలేజీల ప్రకటనలు అంత రేటు పలుకుతాయి. హాల్ టికెట్ నంబరు కొట్టే గడి మీదా కిందా ప్రకటనలే, ఏది వ్యూ రిజల్ట్ బటనో ఏది డౌన్‌లోడ్ అని రాసిన ప్రకటనో తెలీక చేతులు వణుకుతున్న పిల్ల తప్పు బటన్ నొక్కి ఏడుపు మొహం పెట్టడం ప్రతి ఏడూ చూస్తాను. కొన్ని పేజీలు హాల్ టికెట్‌తోపాటు మొబైల్ నంబరు కూడా ఇస్తేనే ముందుకు పోనిస్తాయి. మార్కులు చూడ్డానికి మొబైల్ నంబరు ఎందుకండీ? ఇంటికెళ్ళేలోపు తండ్రికి ఫోన్లు మొదలవుతాయి, ఫలానా కాలేజీ సార్, అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి, హాస్టల్ ఫీజులో రాయితీ ఇస్తాం అంటూ. ఫెయిలయిన పిల్లాడి ఫోన్‌లో వారం రోజులు అదే అదునుగా సప్లిమెంటరీ కోచింగ్ ప్రకటనలు. ఆ వయసులో, ఆ వారంలో, మన రెండు రాష్ట్రాల్లో రిజల్ట్స్ తర్వాత పేపర్లలో ఎలాంటి వార్తలొస్తాయో మీకు నేను చెప్పాలా?

రిజల్ట్స్ పేజీలో ఏ జాడ తీసే కోడూ ఉండదు అని ఒక్క పత్రిక ముందుకొచ్చి చెప్పినా నేను మా షాపు బయట బోర్డు రాయించి పెడతాను.

మీ ఇబ్బంది నాకు తెలీక కాదు. వెబ్‌సైట్ ఊరికే నడవదు. రిపోర్టర్లకు జీతాలివ్వాలి, న్యూస్‌ప్రింట్ రేట్లు మండుతున్నాయి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చదివే అలవాటు మనవాళ్ళకు లేదు. ప్రకటనలు వేసుకోండి, ఎవరు వద్దన్నారు? ప్రకటన వేరు, మనిషి వెంట పడటం వేరు. పేపర్లో మిర్చి ధరల వార్త పక్కన పురుగుమందుల ప్రకటన వేస్తారు, పెళ్లిళ్ళ సీజన్లో చీరల షాపు వాళ్ళది వేస్తారు, దానికి పాఠకుడు నిన్న ఏం చూశాడో తెలియక్కర్లేదు, ఇవాళ ఏ పేజీ చదువుతున్నాడో తెలిస్తే చాలు. ఆన్‌లైన్‌లో కూడా అలా చెయ్యొచ్చు, చేసినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌పీవో 2020లో తన సైట్లలో ప్రేక్షకుల వెంటపడే ప్రకటనలు మానేసి, కార్యక్రమాన్ని బట్టి వేసే ప్రకటనలకు మారింది. మొదటి నెలల్లో ఆదాయం తగ్గలేదు సరికదా పెరిగింది. మధ్యలో వేలంపాటల దళారులు తినే వాటా మిగిలిందంటే ఆశ్చర్యమేముంది. మనకూ అచ్చంగా అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వను, కానీ గుంటూరు మిర్చి యార్డు వార్త పక్కన ఏ ప్రకటన వెయ్యాలో కాలిఫోర్నియా కంపెనీ కంటే మీ అడ్వర్టైజ్‌మెంట్ వాళ్ళకే బాగా తెలుసు.

వారానికోసారి కుకీలు తుడవమన్నారే, దాని గురించి ఒక మాట. అన్నీ తుడిచేస్తే ముందుగా పోయేది లాగిన్లు. అంతకంటే తమాషా ఏమిటంటే, ఎక్కడైనా ‘వద్దు’ అని చెప్పగలిగితే ఆ వద్దన్న మాట గుర్తుండేది కూడా ఒక కుకీలోనే. అది కూడా పోతుంది, మర్నాడు మళ్ళీ పట్టీ, మళ్ళీ మొదటికి. జనం విసుగెత్తి ఏదో ఒకటి నొక్కేది ఇందుకే. తుడవడం కంటే ఒక్కసారి ఆపెయ్యడం నయం. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్తే థర్డ్ పార్టీ కుకీస్ అని ఉంటుంది, అక్కడ బ్లాక్ పెట్టేస్తే చాలు, మామూలు లాగిన్లు చాలావరకు అలాగే ఉంటాయి. యాప్‌లకు కుకీలతో పని తక్కువ, వాటికి ప్రకటనల కోసం ఫోన్‌కి ఇచ్చే నంబరు, అడ్వర్టైజింగ్ ఐడీ అని వేరే ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద యాడ్స్‌లో దాన్ని డిలీట్ చెయ్యొచ్చు. మీ వ్యాసంలో ఈ రెండూ లేవు, ఇన్‌కాగ్నిటో వాడమని మాత్రం ఉంది. ఇన్‌కాగ్నిటో మూసేశాక ఆ ఫోన్‌లో చరిత్ర మిగలదు, అంతవరకే. తెరిచి ఉన్నంతసేపూ వెబ్‌సైట్లకు మనం కనబడుతూనే ఉంటాం. దీని మీదే అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు పడింది, 2024లో రాజీ చేసుకుని అప్పటిదాకా పోగేసిన రికార్డులు తీసేస్తామని గూగుల్ ఒప్పుకుంది.

ఇవన్నీ పాఠకుడే చేసుకోవాలా అనేదే నా ప్రశ్న. ఐఫోన్‌లో ఉండే సఫారీ 2020 నుంచే థర్డ్ పార్టీ కుకీలను తనంతట తానే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచే జాడలు తీసే కంపెనీలవి ఆపుతోంది. క్రోమ్ కూడా రెండేళ్ళలో తీసేస్తామని 2020లో ప్రకటించి, వాయిదా మీద వాయిదా వేసి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2025లో కనీసం అడిగే పెట్టె కూడా పెట్టబోమని చెప్పేసింది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే ఇంతకంటే ఏం ఆశిస్తాం. మన దగ్గర జనం చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే, వాటిలో క్రోమే. ఖరీదైన ఫోన్ కొనుక్కున్నవాడికి కాపలా, పదివేల ఫోన్‌వాడికి సలహాల వ్యాసం.

2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, మోసపు డిజైన్లు 13 రకాలు అందులో ఉన్నాయి. ఒక దారి కనబడేలా, ఇంకో దారి కనబడకుండా చేసేది అందులో ఒకటి, మాటిమాటికీ అడిగి విసిగించేది ఇంకొకటి. మీ ఎర్ర బటన్ చూసినప్పుడల్లా నాకు మొదటిది గుర్తొస్తోంది. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు. ముందు మీకే చెబుదామని ఈ ఉత్తరం.

మ్యూనిక్‌లో చూపిస్తున్న పెట్టెనే ఇక్కడా చూపించండి, తెలుగులో. జవాబు వచ్చేదాకా మీ సొంత కుకీలు తప్ప ఏవీ పెట్టకండి. వచ్చే రిజల్ట్స్ సీజన్‌కి ఆ ఒక్క పేజీనైనా శుభ్రం చేయండి. ఇంకొకటి, మీ హోం పేజీ అడుగుదాకా వెళ్తే ప్రకటనలు ఇవ్వదలచినవారు సంప్రదించండి అని ఫోన్ నంబరు ఉంది, నా సమాచారం ఏం చేస్తున్నారని అడగడానికి మాత్రం ఎవరిదీ నంబరు లేదు, మెయిలూ లేదు. కొత్త రూల్స్ ప్రకారం ఎలాగూ పెట్టక తప్పదు. ఇప్పుడే వేయండి, ముందు నేనే ఫోన్ చేస్తాను, ఆ జాబితాలో ఉన్న కంపెనీలు ఏమిటో ఒక్కొక్కటీ అడుగుతాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
నరసరావుపేట, పల్నాడు జిల్లా